మేక ముట్టని మొక్క

మా నాయన నేర్పిన అమ్మకం మాట ఒక్కటే: "మేక ముట్టదు, నీళ్ళు అడగదు, ఏడాదంతా పూస్తుంది." నంద్యాలలో మా నర్సరీ ముందు ఆగినవాళ్ళలో సగం మంది ఆ మాటకే పడిపోయేవారు. ఆ మొక్క లాంటానా. దాని గురించి అందులో ఒక్క అబద్ధం లేదు. నాకు ఒళ్ళు మండేదీ అందుకే.

దూదేకుల ఇంట్లో పుట్టి, దూది వదిలేసి మొక్కలు పట్టుకున్న మనిషి మా నాయన. ప్రాణమున్న కొమ్మను పారేస్తే బరకత్, ఇంటి కలిమి, పోతుందని ఆయన నమ్మకం. కత్తిరింపుల్లో మిగిలిన పుల్లలైనా, అమ్ముడుపోని మొక్కలైనా ఎక్కడో ఒకచోట మట్టిలో గుచ్చి రావాల్సిందే. పదిహేనేళ్ళ కిందట ఒక వానాకాలం సాయంత్రం, ఆళ్లగడ్డ సంతలో మిగిలిన లాంటానా మొక్కలు నా ఆటోలో ఉన్నాయి. మేకల ఎరువు నింపుకోవడానికి అడవి అంచు పల్లెకు పోయినవాణ్ణి, వాటిని అడవిలోకి పోయే దావ పక్కన అడుగుకొకటి చొప్పున వరసగా నాటాను. ఎర్రవీ పసుపువీ కలిపి మరీ నాటాను. ఇంటికొచ్చి చెబితే నాయన నా వీపు తట్టాడు. పుణ్యం మూటగట్టుకున్నానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఎరువు ఇచ్చేది మేకలు కాసుకునే ఒక అక్క. ఇప్పటికీ ఆమే ఇస్తుంది, దొడ్లోనే నింపుకుని వెనక్కి వచ్చేస్తాను. పోయిన ఎండాకాలం నేను పోయేసరికి దొడ్లో లేదు. వెతుక్కుంటూ పోతే, అడవి దావ మొదట్లో మందను ఆపి, మచ్చుకత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా మనిషెత్తు కంప, దాని నిండా నా పూలు.

"గబ్బుకంప మూసేసింది అబ్బీ. పోయినేడు వొంగి పోతాంటిమి. ఈ ఏడు మేక గూడా దూరల్యాక పోతాంది," అంది.

పల్లెలో బోరు ఎండిపోయింది. మేకలకు మిగిలింది అడవిలో వంక మడుగు ఒక్కటే. రెండు పిల్లలు ఆకలికి ఆ ఆకే తిని, మొగాలు వాచి చచ్చిపోయాయట.

"ఈ పొద్దు మడుగు కాడికి పోవాల. ల్యాకుంటే రేపు మందనంతా సంతకు తోలాల. ఇంగేం జేస్తా," అంది. ఆమెకు ఆ మంద తప్ప ఇంకేమీ లేదు.

"ఇంకో కత్తి ఉందా అక్కా?" అన్నాను. మంచితనం అనుకునేరు, కాదు. ఆ పూలను చూశాక అక్కడి నుంచి పోవడానికి కాళ్ళు రాలేదు.

ముందు నేనే దూరాను. పది అడుగులు పోయేసరికి పైన కొమ్మలు అల్లుకుని ఆకాశం పోయింది. గాలి లేదు. ఆ ఘాటు వాసన గొంతులో దిగి ఊపిరాడలేదు. ముందుకు వంగితే చొక్కా వీపున పట్టుకుంది, వెనక్కి జరిగితే మోచేతులు గీరుకుపోయాయి. కొట్టిన కొమ్మ కింద పడదు, పక్క కొమ్మల మీద ఒరిగి అలాగే నిలబడుతుంది. వెనక మేకలు నీళ్ళ వాసనకు అరుస్తూ తోసుకొస్తున్నాయి. భయమేసింది, నిజంగానే భయమేసింది. నేను అమ్మిన మొక్క నన్ను పట్టుకుని వదలడం లేదు.

చేతులతో నేల తడుముతుంటే మొదళ్ళు తగిలాయి. తొడంత లావైన మొదళ్ళు, అడుగుకొకటి, వరసగా. పిట్టలు పండ్లు తిని వేసిన విత్తనం వరసగా మొలవదు.

వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. "వీటిని సాకినోళ్ళ చేతులు ఇరగ."

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కొట్టాను. చెప్పేద్దామని రెండుసార్లు నోటి దాకా వచ్చింది. చెబితే ఆ కంపలో ఆమె మొహం చూడాలి. చెప్పకుండానే బతుకుదాం అనుకున్నాను.

పొద్దు వాలేవేళకు మేక పట్టేంత సందు చేశాం. మంద మా కాళ్ళ మధ్య నుంచి దూకి మడుగు మీద పడింది. నేను ఒడ్డున కూలబడ్డాను. చేతిలో ఇంకా ఒక కొమ్మ ఉంది, పచ్చిది, మూడు కణుపులది. మడుగు పక్కన మెత్తటి మట్టి ఉంది. నలభై ఏళ్ళ అలవాటు నన్నడగలేదు. నా చెయ్యి ఆ కొమ్మను రెండు కణుపుల దాకా బురదలో గుచ్చి, చుట్టూ మట్టి అదిమింది.

"ఏందబ్బీ, మళ్ళా నాటుతాండావా?" అంది అక్క.

ఆ 'మళ్ళా' విని నా చెయ్యి మట్టిలోనే ఉండిపోయింది.

"ఆ పొద్దు మేకలెనక నిలబడి చూసినాలే," అంది. ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు పోయినాంక వానలు నిలిచిపాయె. ఎండిపోతాంటే నేనే బిందెతో మోసి నీళ్ళు పోసినా. రెండు నెలలు పోసినా. పూలు శానా బాగుండె."

నేను అడిగాను. "మరి సాకినోళ్ళ చేతులు విరగాలంటివి గదా అక్కా?"

"నాయి గూడా కలిపే అంటి," అంది.

వంగి, ఆ కొమ్మను బురదలోంచి పీకి, మట్టి తగలకుండా ఎండిన బండ మీద పెట్టింది.