ఎవర్నీ చంపని మామ

మా మేనమామ పోయిన వారం పోయాడు. రుద్రూర్‌లో చెరకుకు నీళ్లు పెట్టి వచ్చి, గడపలో కూర్చుని ఛాతీ పట్టుకున్నాడట. బోధన్ ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. "మీ మామ లేడు బిడ్డా" అని ఫోన్లో అత్త ఒక్క మాటే అంది. ఆయన పోయినందుకు ఏడ్చాను. పోయాక ఆయనకు చేసిన మర్యాదను మాత్రం ఇంకా క్షమించలేకపోతున్నాను.

మామ నేవీలో పనిచేశాడు. యుద్ధనౌక మీద చిన్న క్షిపణుల దగ్గర డ్యూటీ. దూరదేశాల మీదికి పోయేవి కావవి. శత్రువు విమానమో క్షిపణో మిగతా కాపలాలన్నీ దాటుకుని ఓడ మీదికి వచ్చిపడుతుంటే, డెక్కు మీంచి నిట్టనిలువుగా లేచి దాన్ని దారిలోనే కూల్చేవి. నా చిన్నప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు: "చెరకుల అడివి పందులు పడకుంట మంచె మీద కూసుంటం గదా బిడ్డా, గట్లనే. పందుల ఎంబడి అడివిలకు ఉరుకం. మన గట్టు దాటితెనే లేస్తం."

అదృష్టం, నిజంగా లేవాల్సిన అవసరం ఆయన హయాంలో రాలేదు. సాధన కోసం గురిగా వదిలిన విమానాన్ని క్షిపణితో కూల్చిన కథ మాత్రం ఎన్నిసార్లడిగినా చెప్పేవాడు. ఎప్పుడు చెప్పినా మొదటి మాట ఒకటే: "ముందుగాల్నే చెప్తున్న, గా విమానంల మనిషి లేడు."

కొలువు దిగి ఊరికొచ్చాక కూడా, ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా తుడిచే ఓడ అలవాటు మానలేదు. సముద్రం వాసన కూడా తగలని ఈ నల్లరేగడిలో సాయంత్రం కాగానే నూనెగుడ్డ పట్టుకుని మోటారు, కొడవలి, నా సైకిల్ గొలుసు, చివరికి అత్త కత్తిపీట కూడా తుడిచేవాడు. "టమాట కూర గ్రీజు వాసనొస్తున్నది" అని అత్త మొత్తుకునేది. ఆయన నవ్వి మళ్లీ వడ్డించుకునేవాడు.

టీ హోటల్లో పోరగాళ్లు వదిలేవాళ్లు కాదు. "కాకా, ఎంతమందిని ఏసేసినవ్?"

"ఎవ్వర్నీ లేదు. గందుకే మంచిగ నిద్ర పడ్తది."

వాళ్ల మొహాలు వాడిపోయేవి. మళ్లీ ఫోన్లలో బాంబుల వీడియోలు పెట్టుకుని ఈలలు వేసేవాళ్లు. మామ టీ సగంలో వదిలేసి లేచేవాడు. ఎవర్నీ చంపకుండా ఓడను కాచి రావడమే ఆయనకున్న ఒక్క గర్వం.

శవం లేవకముందే ఫ్లెక్సీ లేచింది. అందులో మామకు ఎన్నడూ లేని కోరమీసాలు, వెనక మండుతున్న విమానాలు, పక్కన ఆయన కంటే పెద్దగా మండల నాయకుడు, దండం పెడుతూ. ఎన్నికలు దగ్గరపడ్డాయి మరి. శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే ఇదే. నాయకుడు మైకు పట్టుకున్నాడు: "శత్రువుల విమానాలు ఎన్నో కూల్చిన పులి మన అన్న!" చప్పట్లు. శవం ముందు చప్పట్లు! ఆ చేతుల్లో సగం మామ ఇప్పించిన టీ గ్లాసులు పట్టుకున్నవే.

అత్త మామ తల దగ్గర నుంచి లేచింది. నాయకుడి చేతిలోంచి మైకు తీసుకుంది.

"అబద్ధం చెప్పకు తమ్మీ. గాయన ఎవ్వర్నీ సంపలే. సంపకుంట, సావకుంట ఇంటికొచ్చిండని పోచమ్మకు బోనం జేసిన నేను. ఓడలున్నోళ్లందరు పిల్లల కాడికి మర్లి వొచ్చిండ్రు. గదే గాయన..."

ఎవడో వైరు పీకాడు. వెంటనే నినాదాలు మొదలయ్యాయి, మామను పులి అంటూ, సింహం అంటూ. అత్త గొంతు వాటి కింద పడిపోయింది. ఆమె మాత్రం ఆ మూగ మైకును నోటి దగ్గర పట్టుకుని, మామ ముఖం వైపు తిరిగి, చెప్పాల్సింది చెబుతూనే ఉంది.