గాజు బట్టీ ఆరిన వారం

గాజు బట్టీ అంటే పొద్దున రాజేసి సాయంత్రం ఆర్పేసే కుంపటి కాదు. ఒకసారి వెలిగించారంటే మళ్ళీ ఇటుకలు మార్చేదాకా పదేళ్ళు, పన్నెండేళ్ళు మండుతూనే ఉండాలి. దానికి సెలవులు లేవు, ఆదివారాలు లేవు. లోపల ఇసుకా సోడా కరిగి తేనెలా చిక్కగా కదులుతూ ఉంటాయి. మంట ఆగిందంటే ఆ గాజు గడ్డకట్టి చుట్టూ ఉన్న ఇటుకల్ని పట్టేసుకుంటుంది, ఇక వదలదు. అప్పుడది బట్టీ కాదు, ఇల్లంత రాయి.

ఆ బట్టీని ఇరవయ్యారేళ్ళు కాసిన మనిషిని ఫ్యాక్టరీలోనూ క్వార్టర్ల వీధిలోనూ అందరూ బట్టీ మావయ్య అనేవాళ్ళు. మీటరు చూడక్కర్లేదు ఆయనకి. నీలం అద్దం కంటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి ఒక్క చూపు చూసి, కుడివైపు మంట కాస్త తగ్గించండి అనేవాడు. తర్వాత మీటరు కూడా అదే మాట చెప్పేది. ఆ సెగకి కనుబొమలు ఎప్పుడో మాడిపోయాయి. ఈయనకి కోపం వచ్చిందో, ఆశ్చర్యం కలిగిందో ముఖం చూసి కనిపెట్టలేక నా సగం జీవితం అయిపోయిందని భార్య నవ్వించేది. కూతురు పుట్టిన రోజున ఆసుపత్రికి రాకుండా బట్టీ దగ్గరే ఉండిపోయాడని మాత్రం నవ్వకుండా దెప్పేది. నాకు సవతి లేదని ఎవరన్నారు, ఆ ఇటుకల కుప్ప ఉందిగా అనేది.

అంతా ఒక ఉపన్యాసంతో మొదలైంది. కంపెనీ ఛైర్మన్ ఎక్కడో దూరాన, పెద్దపెద్దవాళ్ళ సభలో, ఈ రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన కొత్త చట్టం మంచిది కాదన్నాడు. మర్నాడే మంత్రి టీవీలో అందుకున్నాడు. మా నేల మీద ఉంటూ, మా గ్యాసు కాలుస్తూ, మాకే నీతులు చెప్తారా అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కిందట కంపెనీకి ఇచ్చిన రాయితీలన్నీ రద్దన్నాడు. కంపెనీ కోర్టుకెక్కింది. మేం పక్క రాష్ట్రానికి పోతాం, మీరే బతిమాలుకుంటూ వస్తారని ఛైర్మన్ పేపర్లో వేయించాడు. టీ కొట్టు దగ్గర సగం మంది ప్రభుత్వం పక్షం, సగం మంది కంపెనీ పక్షం అయ్యి గ్లాసులు చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళు. ఆ చట్టమేమిటో, అందులో ఏముందో బట్టీ మావయ్యకి చివరిదాకా తెలీదు.

సోమవారం పొద్దున పదిగంటలకి ప్రభుత్వం గ్యాసు కట్టేసింది. మంట పొట్టిదవుతూ, ఎర్రబడుతూ, దగ్గినట్టు దగ్గి ఆరిపోవడం ఆయన నీలం అద్దంలోంచి చూశాడు. పరుగెత్తి చమురు బర్నర్లు వెలిగించాడు. ట్యాంకులో ఉన్న చమురు సన్న మంట మీద ఎనిమిది రోజులు వస్తుంది, అంతే. సాయంత్రానికి కోర్టు కాగితం తెచ్చి గేటుకి అంటించారు. తీర్పు వచ్చేదాకా ఫ్యాక్టరీలో ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, మంట కాసేవాళ్ళు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు, ఏదీ ముట్టుకోకూడదు, ఏదీ తేకూడదు, ఏదీ తీసుకుపోకూడదు అని దాని సారాంశం. గేటు దగ్గర ఒక పోలీసుని కూచోబెట్టారు.

బట్టీ కింద చేతిమందం కన్నం ఒకటి ఉంటుంది, బిరడా వేసి. అవసరం పడితే ఆ బిరడా తీసేసి, కరిగిన గాజునంతా కింది నీళ్ళ కాలవలోకి వదిలేయాలి. బట్టీ ఖాళీ అవుతుంది. ఖాళీ బట్టీని మెల్లిగా చల్లార్చుకుంటే మళ్ళీ ఎప్పుడైనా వెలిగించుకోవచ్చు. కాకపోతే ఆ పని గాజు పారేంత వేడిగా ఉండగానే జరగాలి. ఆ సన్న మంట మీద ఆరు రోజులు దాటితే గాజు ఇక పారదు. బట్టీ మావయ్య లెక్క ఇంతే. ఒక్కరు సరేనని కాగితం మీద రాస్తే చాలు, నాలుగొందల ఇళ్ళకి రేపన్నది ఉంటుంది.

ముందు, గేటు బయటి ఆఫీసులో ఉన్న మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మేనేజరు ఇతని కళ్ళముందే ట్రైనీగా చేరి, నీలం అద్దం పట్టుకోవడం ఇతని దగ్గరే నేర్చుకున్నవాడు. ప్రధాన కార్యాలయానికి ఫోను చేసి కనుక్కుంటానన్నాడు. ఆ రోజు కనుక్కోలేదు, మర్నాడూ లేదు. మూడోరోజు తలుపు దగ్గరగా వేసి చెప్పాడు.

"నువ్వు చెప్పేది నాకు తెలీదా మావయ్యా. మన చేత్తో మనం గాజు వదిలేస్తే ఫ్యాక్టరీని మనమే మూసుకున్నట్టట. లాయర్లు ఒప్పుకోవట్లేదు. బట్టీ పోతే పోనీ, ప్రభుత్వం వల్లే పోయిందని కోర్టులో చూపిస్తాం అంటున్నారు."

"అంటే అది చావడమే వాళ్ళకి కావాలా సార్?"

మేనేజరు బల్ల మీది పెన్నుని అటు తిప్పి ఇటు తిప్పాడు.

నాలుగోరోజు ఉతికిన చొక్కా వేసుకుని ప్రభుత్వ ఆఫీసుకి వెళ్ళాడు. రెండో అంతస్తులో వరండా పొడుగునా బెంచీలు, ఒక్కో గది ముందు ఒక్కో గుంపు జనం. ఈ గది కాదు ఆ గది అని తిప్పి తిప్పి, భోజనాల వేళకి ఆఫీసరమ్మ ముందుకి పంపారు. ఆవిడ మంచావిడే. కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇప్పించింది. చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది. విని, ఫైలు తెరిచి కోర్టు కాగితం ఇతని వైపు తిప్పింది. ఉన్నది ఉన్నట్టే అన్నచోట వేలు పెట్టి చూపించింది.

"ఉన్నట్టు ఉండాలంటే దానికి మంట ఉండాలమ్మా" అన్నాడు బట్టీ మావయ్య. "ఊరికే వదిలేస్తే అది ఉన్నట్టు ఉండదు."

"మంట సంగతి ఇందులో లేదు పెద్దాయనా. ముట్టుకోవద్దని మాత్రం ఉంది. నేను ముట్టుకోమని రాసిచ్చానంటే రేపు మీ కంపెనీయే నన్ను కోర్టుకి లాగుతుంది. వాళ్ళు రాసిస్తే మాకేం అభ్యంతరం ఉండకపోవచ్చు."

ఆ ఉండకపోవచ్చు అన్న మాట పట్టుకుని మళ్ళీ మేనేజరు దగ్గరికి వచ్చాడు. వాళ్ళని ముందు రాయమను అన్నాడు మేనేజరు. అయిదోరోజు మళ్ళీ అక్కడికి. ఆఫీసరమ్మ రాజధానికి వెళ్ళిందట. గుమాస్తా తలెత్తకుండానే సోమవారం రమ్మన్నాడు. సోమవారానికి ఎనిమిదోరోజు.

బావమరిది అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. ఆ రాత్రి వంటింటి గుమ్మంలో కూచుని, అక్క అన్నం వడ్డిస్తుంటే బావని నిలదీశాడు.

"ఎవరి సంతకం కోసం బావా ఈ తిరుగుడు? గునపం నీ చేతిలో ఉంది, డ్రిల్లు నా చేతిలో ఉంది. పొద్దున్నే పోయి బిరడా తీసేద్దాం."

"ఆ పోలీసు ఊరుకుంటాడా?"

"వాడికి బిరడా ఏదో బర్నరు ఏదో తెలుసేంటి?"

బట్టీ మావయ్య కంచంలో చెయ్యి ఆడించాడు తప్ప ముద్ద ఎత్తలేదు. ఇరవయ్యారేళ్ళలో పుస్తకంలో రాయకుండా, పైవాళ్ళ సంతకం లేకుండా ఒక్క వాల్వు తిప్పినవాడు కాదు. బిరడా తీస్తే ప్రభుత్వం కోర్టు ధిక్కారమంటుంది, కంపెనీ నువ్వే ఫ్యాక్టరీ మూశావంటుంది. తనతో పాటు బావమరిదినీ లాక్కుపోతారు, వాడికి చిన్నపిల్లలు. పైగా ఆ మధ్యాహ్నమే మేనేజరు కబురు పెట్టాడు, పెద్దల మధ్య మాటలు నడుస్తున్నాయట, రేపు సాయంత్రం ఖాయంగా ఫోను వస్తుందట.

"రేపొక్కరోజు చూద్దాంరా" అన్నాడు.

భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడకి బట్టీ గురించి ఏమీ తెలీదనుకుంటారు అందరూ. ఇరవయ్యారేళ్ళు ఆయన చొక్కాల మీద మాడిన చిల్లులు కుట్టిన మనిషి ఆవిడ. "రేపటికి ఆరోరోజు కదండీ" అంది మెల్లిగా.

ఆరోరోజు మేనేజరు గది బయట బెంచీ మీద కూచున్నాడు. లోపల ఫోను మోగినప్పుడల్లా లేచి నిలబడ్డాడు. చీకటి పడబోతుంటే మేనేజరు బయటికి వచ్చి, రేపు అని పెదవులతో అన్నాడు. ఏడోరోజూ అలాగే పోయింది. టీవీలో మంత్రీ ఛైర్మనూ ఒకరి తర్వాత ఒకరు కనబడి, మాకు కార్మికుల క్షేమమే ముఖ్యమన్నారు.

ఎనిమిదోరోజు పొద్దున చమురు గేజీ ముల్లు అడుక్కి ఆనుకుంది. బట్టీ మావయ్య ఎవరినీ అడగలేదు. బావమరిదికి సైగ చేశాడు. ఇద్దరూ గునపం, డ్రిల్లు పట్టుకుని బట్టీ కిందికి దిగారు. గేటు దగ్గరి పోలీసు చూశాడు. ఒక్క క్షణం చూసి, కుర్చీ రోడ్డు వైపుకి తిప్పుకుని కూచున్నాడు.

బిరడా రావడానికి గంట పట్టింది. వచ్చాక కన్నంలోంచి వేలంత లావున ఎర్రటి ధార ఒకటి దిగింది. బావమరిది కేక వేయబోయాడు. ధార అంచు దగ్గర వంగింది, మైనంలా సాగింది, నలుపెక్కింది. ఆగిపోయింది. బట్టీ మావయ్య గునపంతో పొడిచాడు. కణ్‌మంది. మళ్ళీ పొడిచాడు. చేతులు బొబ్బలెక్కేదాకా పొడుస్తూనే ఉంటే బావమరిది వెనకనించి నడుం పట్టుకుని ఆపాడు. చాల్లే బావా, ఇంక చాల్లే అన్నాడు.

బట్టీ పూర్తిగా చల్లారడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. లోపల ఇటుకలు పగులుతుంటే టప్ టప్ మని క్వార్టర్ల దాకా వినిపించేది. గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్ళు చేతులాపి వినేవాళ్ళు. బట్టీ మావయ్య ఇంట్లోనే ఉన్నాడు. పగటిపూట ఇంట్లో ఎక్కడ కూచోవాలో ఆయనకి తెలిసేది కాదు. భార్య కూర తరుగుతుంటే ఎదురుగా వచ్చి నిలబడేవాడు, తప్పుకోమంటే తప్పుకునేవాడు.

మూడు నెలలకి ప్రభుత్వం, కంపెనీ రాజీ పడ్డాయి. చట్టం ఏమైందో, ఎవరు తగ్గారో ఎవరూ చెప్పలేదు. చెయ్యీ చెయ్యీ కలిపిన ఫోటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. గ్యాసు వదిలారు. గేటు మీది కాగితం పీకేశారు. ప్రధాన కార్యాలయంనించి ఒక ఇంజినీరు వచ్చాడు, బట్టీ చూడ్డానికి. మేనేజరూ ఆఫీసరమ్మా కూడా వెంట ఉన్నారు. బట్టీ మావయ్యని కబురంపి పిలిపించారు.

ఇంజినీరు వంగి టార్చి వేసి కన్నంలోకి చూశాడు. సగంలో ఆగిన గాజుని గోటితో కొట్టి చూశాడు. బట్టీ పనికిరాదు, కొత్తది కట్టాలి, ఇక్కడ కడతారో లేదో పైవాళ్ళే చెప్పాలి అన్నాడు. లేచి చేతులు దులుపుకుంటూ, మామూలుగానే అడిగాడు.

"వేడిగా ఉండగానే గాజు వదిలేసి ఉంటే ఈ నెలలోనే మళ్ళీ వెలిగించేవాళ్ళం కదా. ఇంతమంది ఉన్నారు, ఆ మాత్రం ఎవరికీ తోచలేదా?"

మేనేజరు బూట్ల వైపు చూసుకున్నాడు. ఆఫీసరమ్మ చంకలో ఫైలు సర్దుకుంది. బట్టీ మావయ్య ఒకరి తర్వాత ఒకరిని ఇద్దరినీ చూశాడు. కనుబొమలు లేని ఆ ముఖంలో ఏముందో ఎవరికీ తెలీలేదు.

"తోచలేదండి" అన్నాడు.

ఇంజినీరు ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నాడు.