ఏడుపు కాని కన్నీళ్ళు

రొమ్ము క్యాన్సర్‌కి వారం వారం ఎక్కించే మందు ఐదోసారి ఎక్కించుకున్నాక నా కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది. కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆగేవి కావు. తుడిచి తుడిచి రెప్పల అంచులు ఒరిసిపోయాయి. హిందీ బడి నుంచి వచ్చిన మా అమ్మాయి గుమ్మంలోనే ఆగి, "మమ్మీ, ఫిర్ సే రో రహీ హో?" అనేది, మళ్ళీ ఏడుస్తున్నావా అని. ఉల్లిపాయలని చెప్పేదాన్ని.

డాక్టరమ్మకి మాత్రం చెప్పలేదు. జబ్బు కళ్ళలోకి పాకిందంటుందేమోనని భయం. ఆ మాట చెవిన పడనంత కాలం అది నిజం కాదనిపించేది. మా ఆయన ప్లాంటు నుంచి రాగానే నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి టీ పెట్టేవారు. అది నన్ను ఇంకా భయపెట్టేది.

ఒక ఆదివారం చర్చిలో వాక్యం చదవడం నా వంతు. రెండో వచనానికే అక్షరాలు అలుక్కుపోయాయి. ఆగిపోయాను. ముందు వరుసలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక పెద్దావిడ లేచి వచ్చి, నా చేతిలోంచి బైబిలు తీసుకుని మిగతాది చదివింది.

తిరిగొస్తూ మా ప్లాంటు కాలనీలో సెక్టర్ 2 మలుపు దగ్గర ఆయన స్కూటర్ ఆపారు.

"నాను సరిగా సూసుకోడం లేదని ఏడస్తన్నావా?" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"ఏడవట్లేదండి. ఆటంతటవే కారతన్నాయి. రోగం కళ్ళకెక్కీసిందేటో అని భయమేసి సెప్పలేదు."

మర్నాడే సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మందు కన్నీటిలోకి కూడా వస్తుందనీ, దానివల్ల కన్నీళ్ళు ముక్కులోకి దిగే సన్నని దారులు వాచి మూసుకుపోతాయనీ డాక్టరమ్మ చెప్పింది. ఇన్నాళ్ళూ దాచినందుకు కోప్పడింది. కంటి డాక్టరు రెప్ప మూలన మొద్దు సూది పెట్టి ఉప్పునీళ్ళు ఎక్కించాడు. దారి తెరిచి ఉంటే గొంతులో ఉప్పగా తగలాలట. ఎడమ కంటికి తగిలింది. కుడి కంటి నీళ్ళన్నీ చెంప మీదికే వచ్చేశాయి. "నమకీన్ లగా?" అని, ఉప్పగా తగిలిందా అని రెండోసారి అడిగాడు. అబద్ధం చెబుదామనిపించింది. తల అడ్డంగా ఊపాను.

కుడి కంటి దారిలో సన్నని గొట్టం వేశారు. మందు మార్చారు. కొన్ని నెలలకి గొట్టం తీసేశారు. ఎడమ కన్ను బాగుపడింది. కుడిది చలిగాలికి ఇప్పటికీ కారుతుంది. క్యాన్సర్ పరీక్షకి వెళ్ళే ముందు వారమంతా ఒక్కో కన్నూ మూసి గోడ మీది క్యాలెండరు చదువుకుంటాను. దాచుకోకుండా ఆయన ఎదుటే చదువుతాను.