ఒక్క చుక్కా తీసుకోని రేవు

నదులు, అడవులు, కాలువలు మనుషులకు చేసే మేలుకు దేశమంతా విలువ కట్టి, దాన్నిబట్టి పర్యావరణ విధానం రాస్తారట. ఆ సర్వేలో కృష్ణా డెల్టా కాలువల వెంట తిరిగే కాంట్రాక్టు ఉద్యోగం నాకు వచ్చినప్పుడు భవానీపురంలో మా వీధంతా స్వీట్లు పంచాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఫారం ఎక్కడో ఏసీ గదిలో తయారైంది. ప్రతి ఇంట్లోనూ అడిగి తీరాల్సిన ప్రశ్న ఒకటుంది: కాలువ నుంచి రోజుకు ఎన్ని లీటర్లు తీసుకుంటారు?

పామర్రు దాటాక ఒక పిల్ల కాలువ ఒడ్డున కలంకారీ అద్దకం చేసే కుటుంబాలున్నాయి. అందులో ఒక సాయిబు గారు చిన్నప్పటి నుంచీ అదే రేవులో గుడ్డలు జాడిస్తున్నారు. అద్దకం గుడ్డకి పారే నీళ్లే కావాలి. రంగు పట్టడానికి చెక్క అచ్చుతో అద్దిన పటికలో ఎక్కువైనదంతా నీళ్ల వెంట కొట్టుకుపోవాలి. నిలవ నీళ్లలో ముంచితే అది పక్కకు పాకుతుంది, రంగులో ఉడకబెట్టాక పువ్వు చుట్టూ మరక లేస్తుంది. ఇదంతా ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి నాకు ఓపిగ్గా చెప్పారు. నేను తల ఊపి, నా ప్రశ్న అడిగాను.

"ఒక్క చుక్కా తీసుకోమమ్మా," అన్నారు ఆయన, గొంతు పెంచి మరీ. "వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందకి పోతాయి. కావాలంటే కింద రైతుల్ని అడగండి."

కాలువ చివరి భూములకు నీళ్లందకపోతే, పైన ఎవరు మోటారు పెట్టారో వెతుక్కుంటూ రైతులు గట్టెక్కి వస్తారు. అందుకే కాలువ మీద బతికేవాళ్లకి నీళ్లు ముట్టలేదని చెప్పుకోవడం పరువు. ఇది నాకు తెలియనిది కాదు, మా నాన్నదీ చివరి భూమే. అంతా తెలిసి కూడా గడిలో సున్నా వేసి పక్కింటికి నడిచాను. ఆ ఒడ్డున ప్రతి ఇంట్లోనూ అదే మాట, అదే సున్నా. సాయంత్రంలోగా ఇంకా చాలా ఇళ్లు పూర్తి చేయాలి మరి.

ఏడాది తిరక్కుండానే విజయవాడలో ఒక హోటల్లో సమావేశం పెట్టారు. తెర మీద డెల్టా మ్యాప్ పచ్చగా ఉంది. ఆ పిల్ల కాలువ ఒక్కటీ తెల్లగా ఉంది. అక్కడ ఎవరూ నీళ్లు వాడరు కాబట్టి ఆ ముక్కను పూడ్చి పైపులు వేస్తే ఎవరికీ నష్టం లేదని, పైగా ఆవిరయ్యే నీళ్లు మిగులుతాయని ఒక అధికారి చదివారు.

నేను లేచాను. "సార్, అక్కడ అద్దకం వాళ్లున్నారండీ. వాళ్ల పనంతా ఆ పారే నీళ్ల మీదే."

ఆయన కాగితం తిరగేశారు. "డేటాలో సున్నా ఉంది మేడమ్. కలెక్ట్ చేసింది మీరే కదా."

పక్కవాళ్లు నవ్వారు. చేతిలో టీ కప్పు ఆయన మొహాన కొట్టాలనిపించింది. కాలువలో ఏనాడూ కాలు పెట్టని పెద్దమనుషులు, వాడుకోవడమంటే తోడుకోవడమేనని తేల్చేసి, దానికో రంగు కూడా వేసేశారు. కానీ కాలు పెట్టిన నేను మాత్రం ఏం వెలగబెట్టాను? నోరు మూసుకుని కూర్చున్నాను. అలా కూర్చున్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్లాను. సంగతి చెప్పి, కొత్త ఫారం తీశాను. "బాబాయి గారూ, ఏదో ఒక అంకె చెప్పండి, దిద్దించుకొస్తాను."

"తీసుకోని నీళ్లు తీసుకున్నామని ఎట్టా చెప్పమంటావమ్మా? కింద వాళ్లకి ఏం మొహం చూపిస్తాం?"

"ఈ మర్యాదే మీ కొంప ముంచుతోందండీ," అని అరిచాను. హోటల్లో లేవాల్సిన నా గొంతు గట్టు మీద, ఆ పెద్దాయన మీద లేచింది.

ఆయన చేతిలో గుడ్డని పిండి, గడ్డి మీద పరిచి వచ్చారు.

"పైపులో నీళ్లు పారతాయా అమ్మా?"

"పారతాయండీ."

"ఇయ్యే నీళ్లా?"

"ఇవే."

"మరి గుడ్డ ఎక్కడ పట్టాలి?"

ఇల్లిల్లూ తిరిగి నేను అడిగిన ప్రశ్నల్లో అది లేదు.