మా మేనత్త మండలాధ్యక్షురాలైన రోజులు

మా మేనత్తకు రాజకీయం మామ చావుతో వచ్చింది.

జమ్మలమడుగులో పట్టపగలు, సిమెంటు అంగడి ముందర ఆయన్ను నరికినారు. రేకుల ధర కనుక్కుని వస్తానని మామ జీపు దిగినాడు. నేనూ అత్తా లోపలే ఉన్నాం. వేటకొడవళ్లతో ముగ్గురొచ్చినారు. మొదటి వేటు మెడ మీద పడింది. తలుపు తీయబోయిన అత్తను నేను గట్టిగా పట్టుకున్నా. నా ముంజేయి కొరికి విడిపించుకుని ఉరికింది. ఆమె చేరేసరికి మామ గొంతులోంచి గురక తప్ప మాట రాలేదు. ముందు నరికిన మనిషి మొహానికి గుడ్డ కూడా కట్టుకోలేదు. పక్క ఊరాయన, ఎదుటి పార్టీ నాయకుడు. మా పెళ్లిళ్లకు వచ్చి భోంచేసి పోయినవాడే.

దినాలు కాకముందే పార్టీ పెద్దలు ఇంటికొచ్చి, "నువ్వు నిలబడమ్మా, జనం కాదనరు" అన్నారు. అత్త తొమ్మిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఎంపీటీసీగా గెలిచి మండలాధ్యక్షురాలైంది. కుర్చీలో మాత్రం ఆమె మరిది, మామ తమ్ముడు, కూర్చునేవాడు. ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఈమె సంతకం చేసేది. నేను ప్రొద్దుటూరులో ప్రైవేటు బడిలో టీచర్ని. సెలవుల్లో వచ్చి కాగితాలు చదివి వినిపించేదాన్ని. కొన్నాళ్లకు తనే చదివి, అర్థం కానివి మాత్రం నన్ను అడిగేది.

ఒక ఎండాకాలం పులివెందుల దారిలో ఉన్న మా చీనీతోటకు, అదే బత్తాయి తోటకు, పోయినాం. మోటారు గదిలో మరిది, ఇంకా నలుగురు మనుషులు. గోనెపట్టా మీద నాటుబాంబులు ఆరబెట్టినారు.

"ఎవురికబ్బీ ఇవి?" అంది అత్త.

"నీకు తెల్దా వదినా? బెయిలు మీద దర్జాగా తిరుగుతాండాడు. రేపు పెండ్లాం బిడ్డలతో గండి గుడికి పోతాండాడు."

"బిడ్డల మీద గూడా ఏస్తావా?"

"మాయన్నను నరికేటప్పుడు వాడు ఆలోచించినాడా?"

"నీకు అన్న, నాకు మొగుడు. వాన్ని కోర్టులో నిలబెట్టి నేను సాక్ష్యం చెప్తా. వాడు చస్తే ఎవురి మీద చెప్పాల?"

మరిది ఆమె రొమ్ము మీద చెయ్యి పెట్టి తోసినాడు. అత్త పైపుల మీద పడింది. లేచి రోడ్డు దాకా నడిచి, నా ఫోను తీసుకుని తనే పోలీసులకు చెప్పింది.

పోలీసులు రాగానే ఆ నలుగురిలో ఒకడు బాంబులు సంచిలో వేసి ఎత్తుకుని పరిగెత్తినాడు. డ్రిప్పు పైపు కాలికి తగులుకుని పడినాడు. తోట అదిరిపోయింది. పొగ తేలినాక చూస్తే వాడి కుడిచేయి మణికట్టు కాడికి లేదు. ఆకులకు మాంసం ముక్కలు అంటుకున్నాయి. అత్త తన కొంగు చింపి వాడి చేతికి కట్టింది. కడుతున్నంతసేపూ వాడు ఆమెను బూతులు తిడుతూనే ఉన్నాడు.

ఆ బాంబుల కేసులో బెయిలు దొరికినాక మరిది ఇనుప రాడ్డుతో మండలాఫీసుకు వచ్చినాడు. ఆ రోజు అత్త కుర్చీలో ఉంది.

"లెయ్."

"లెయ్యను."

రాడ్డు ఎడమ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అడ్డం పోతే నా తల పగిలింది. ఆఫీసోళ్లు బయటికి ఉరికినారు. గండికోట రిజర్వాయరు నీళ్లకు ఊళ్లు పోగొట్టుకున్న కొండాపురం ఆడోళ్లు తాగునీళ్ల కోసం అప్పటికే వరండాలో కూర్చోనుండారు. వాళ్లే లోపలికొచ్చి, తెచ్చిన ఖాళీ బిందెలతో మరిది మూతీ ముక్కూ పగలగొట్టి బయటికి ఈడ్చినారు.

మామ హత్య కేసు విచారణలో సిమెంటు అంగడాయనతో సహా సాక్షులంతా మాట మార్చినారు. మిగిలింది మేమిద్దరమే. ముద్దాయి వకీలు అత్తను అడిగినాడు: "ఆ బాంబుల నుంచి ఈయన ప్రాణం కాపాడింది మీరే కదా? నిజంగా మీ భర్తను చంపినవాడైతే కాపాడతారా?"

"సంపొద్దన్నా. ఇడిసిపెట్టమని అన్లే" అంది అత్త.

ఆయనకు యావజ్జీవం పడింది. తక్కిన ఇద్దరినీ సాక్ష్యం చాల్లేదని వదిలేసినారు.

ఆ తర్వాతి ఎన్నికల్లో పార్టీ టికెట్టు మరిదికిచ్చింది. అత్త స్వతంత్రంగా నిలబడింది. ప్రచారానికి పోయిన జీపును రెండుసార్లు తగలబెట్టబోయినారు. బిందెలు ఎత్తిన ఆడోళ్లలో శానామంది ఆమెకే వేసుంటారు. ఐనా మరిదే గెలిచినాడు.

గెలుపు ఊరేగింపు మా వీధిలోకొచ్చింది. టపాకాయల మధ్య ఒక రాయి వచ్చి కిటికీ పగిలింది. నేను లాగుతున్నా వినకుండా అత్త వాకిట్లోకి పోయి నిలబడింది. మరిది జీపు మీద నుంచి చూసి తల తిప్పుకున్నాడు. వాళ్లు పోయినాక గాజుపెంకులు ఊడుస్తా ఊడుస్తా కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో నాతోనే ఉంటోంది. విరిగిన చెయ్యి పూర్తిగా పైకి లేవదు, జడ నేనే వేస్తా. మళ్లీ నిలబడతావా అని అడిగితే, ఇంతవరకూ లేదని మాత్రం అనలేదు.