కంట్రోలరుకు పెట్టిన కుంకుమ

మొన్న ఆదివారం మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ పలకంత వెడల్పున్న, పాటల రికార్డింగును మీటలతో నడిపే కొత్త కంట్రోలరు ఒకటి సంచిలో వేసుకొచ్చింది. దాని వైరు కంప్యూటరుకు గుచ్చిందో లేదో, పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేరు దాన్ని తనంతట తానే గుర్తుపట్టింది. చేతికింద మీట జరిపితే తెరమీద మీట జరిగింది. నేను కాఫీ లోటా కింద పెట్టేలోగా పని ముగిసిపోయింది. అది చూసి నాకు సంతోషం కలగలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట తగిలిన దెబ్బకు ఎడమ చెంప మళ్ళీ చురుక్కుమంది.

మా ఈడువాళ్ళలో స్టూడియో పని చేసినవాళ్ళకు ఈ మాట అర్థమవుతుంది. అప్పట్లో కంట్రోలరుకూ సాఫ్ట్‌వేరుకూ స్నేహం కలపాలంటే పూట గడిచేది. తెరమీద 'లెర్న్' అనేదాన్ని నొక్కితే సాఫ్ట్‌వేరు చెవులు రిక్కించి కూర్చునేది. ఆ తరువాత కంట్రోలరు మీద ఏ మీట ముందుగా కదిలితే ఆ పనిని ఆ మీటకే కట్టబెట్టేది. ఒక్కో మీటకూ ఇదే తంతు. మదనపల్లెలో ఒక మేడమీద రెండు గదులు తీసుకుని నేనూ, మా అక్కను చేసుకున్న పుంగనూరు బావా కలిసి పెట్టుకున్న స్టూడియోలో ఈ పని నాది. పనిలో తప్పులు వెతకడం బావది.

బావకు నోటికన్నా ముందు చెయ్యి లేచేది. తాళం తప్పాడని ఒక డోలు వాయించేవాణ్ణి మెట్లమీద నుంచి తోసినవాడు. నా పెళ్ళిలో, పెద్దతిప్పసముద్రం నుంచి వచ్చిన మా అత్తవారి ముందర, నేను వడ్డించిన విస్తరిని కాలితో పక్కకు నెట్టాడు. అక్క మొహం చూసి ఆ రోజు ఊరుకున్నాను గాని, ఆ విస్తరిలో ఏమేమి ఉన్నాయో ఈనాటికీ వరసగా చెప్పగలను.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, కుప్పంలో ఉండేవారు. గంగజాతరలో కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, నేలను తొక్కుతూ, అమ్మవారు రాక్షసుణ్ణి చీల్చి పేగులు మెడలో వేసుకునే పాట గంటసేపు పాడేవారు. వింటున్నంతసేపూ ఒళ్ళు జలదరించేది. ఆ పాట మొత్తం తెలిసినవారు అప్పటికి ఆయనొక్కరే. ఆయన గొంతులో కంతి లేచింది. కోసి తీసేస్తే మాట కూడా పోవచ్చనీ, అంతవరకు గొంతు వాడొద్దనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకు ముందురోజు పొద్దున, ఒక్కసారి, ఒకే ఒక్కసారి పాడతానని ఆయన కుప్పం నుంచి బస్సెక్కి వచ్చారు. పాటను ఒక్క మాట పోకుండా పట్టి దాచిపెడతానని ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది నేను.

ఆ రోజుకే కొత్త కంట్రోలరు తెప్పించాం. మా ఇళ్ళల్లో కొత్త సామాను ఏది వచ్చినా, నాగలైనా మోటారైనా, బొట్టు పెట్టకుండా ముట్టుకోం. నేను నిమ్మకాయ కోసి, ఎనిమిది ఫేడర్లకూ, అంటే పైకీ కిందికీ జరిపే మీటలకు, వేలితో ఒత్తి ఒత్తి కుంకుమ పెట్టాను. బావ అక్కడా ఊరుకోలేదు.

“పొడి యాల పెడతాండావప్పా దానికి? సందుల్లోకి పోతాది సూడు.”

“దేవుని కుంకుమ గూడా అడ్డమొచ్చిందా బావా నీకు?” అన్నాను.

“అడ్డమొచ్చేది కుంకుమ గాదులే, నువ్వు,” అని నవ్వి, గదిలో చిన్నాయన నిలబడే చెక్కపలకలు సర్దడానికి పోయాడు.

ఆ నవ్వును కూడా నేను లెక్కలోనే పెట్టుకున్నాను.

తరువాత తెరమీద రికార్డు పనికి లెర్న్ నొక్కి, కంట్రోలరు మీది రికార్డు మీటను నొక్కాను. తెరమీద ఎర్రదీపం వెలిగింది. ఇంకోసారి నొక్కాను, ఆరిపోయింది. అంతా సరిగ్గా ఉందనుకున్నాను.

చిన్నాయన గజ్జెలు కట్టుకుని పలకల మీద నిలబడ్డారు. అమ్మవారి పాట జరిగేటప్పుడు కూర్చోవడమూ, పాడేవారికి వీపు చూపించడమూ మాలో లేదు. నేను రికార్డు మీట నొక్కి ఎర్రదీపం వెలగడం చూశాక, నేనూ బావా చెప్పులు విడిచి, యంత్రానికి వీపు పెట్టి, ఆయనకెదురుగా చేతులు కట్టుకుని గంటసేపు నిలబడ్డాం. ఆయన తొక్కుతూ ఉంటే బల్ల అదిరింది, కిటికీ రెక్కలు అదిరాయి. చివరికి వచ్చేసరికి ఆయన నోటి చివర నెత్తురు చార కనిపించింది. అయినా ఆపలేదు.

పాట ముగిశాక వెనక్కి తిరిగి చూస్తే, తెరమీద పాట లేదు. కొడవలితో తరిగినట్టు తునకలున్నాయి. ఒకచోట రెండు మాటలు, ఒకచోట గజ్జెల చప్పుడు, ఒకచోట దగ్గు. ఆయన నేల తొక్కిన ప్రతిసారీ రికార్డింగు ఆగింది, మళ్ళీ మొదలయింది, మళ్ళీ ఆగింది.

బావ పిడికిలితో బల్లను గుద్దాడు.

“తెలీని పని యాల తలకెత్తుకుంటివిరా? ఆయప్ప గొంతు కోసేసినావు గదరా!”

అని, చిన్నాయన చూస్తుండగా నా చెంప పగలగొట్టాడు. ఒక దవడపన్ను ఊడి నాలుకమీద పడింది. నేను మూలనున్న, మైకు తగిలించే ఖాళీ ఇనుప కడ్డీ ఒకటి పెరికి బావ భుజమ్మీద కొట్టాను. ఎముక పలికింది. బావ కంట్రోలరును వైరుతో సహా లాగి నా మీదికి విసిరాడు. అది గోడకు తగిలి మూల పగిలింది. ఆయన నన్ను కిందపడేసి మెడమీద మోకాలు పెట్టాడు. నేను ఆయన చెయ్యి కొరికి పట్టుకున్నాను. నెత్తురు రుచి తగిలినా వదల్లేదు. కింద టీ అంగడివాళ్ళు నలుగురు పరుగెత్తుకొచ్చి మమ్మల్ని పీకారు.

మర్నాడు ఆపరేషను జరిగింది. చిన్నాయనకు మళ్ళీ మాట రాలేదు. మూడేళ్ళు సైగలతో బతికి, పోయారు. పాడెకు నేనొక పక్క, బావొక పక్క భుజం పట్టాం గాని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బావే నేను చూడకుండా మీటలు కెలికాడని నేను నమ్మాను. ఊరందరికీ చెప్పాను. ఆ తునకల్లో చివరిదొకటి చాలా పొడవుంది. బావ బల్ల గుద్దినప్పుడు రికార్డింగు మొదలయింది; వైరు ఊడిపోవడంతో దాన్ని ఆపేది లేకపోయింది. అందులో గుద్దు ఉంది, తిట్టు ఉంది, చెంపదెబ్బ తేటగా వినిపిస్తుంది. ఎవరైనా బావ మంచివాడంటే అంతవరకు వినిపించి ఆపేసేవాణ్ణి. సాక్ష్యానికి అంత చాలు.

మొన్న మా అమ్మాయి, దీన్ని ఇంకా ఎందుకు దాచావు నాన్నా అంటూ, అటకమీది పగిలిన కంట్రోలరు దించి మరలు విప్పింది. ఎనిమిదో ఫేడరు సందులో, గట్టిపడి పెచ్చుకట్టి, కుంకుమ. ఆ పొడి ఫేడరును నిలకడగా ఉండనివ్వదనీ, చిన్న అదురుకే అది కదిలినట్టు లెక్కపడుతుందనీ చెప్పింది. నేను లెర్న్ నొక్కినప్పుడు రికార్డు మీటకన్నా ముందు ఉలిక్కిపడింది అదే, సాఫ్ట్‌వేరు రికార్డు పనిని కట్టబెట్టిందీ దానికే. నేను మీట నొక్కిన అదురుకే ఎర్రదీపం వెలిగింది. చిన్నాయన తొక్కిన అదురుకు ఆరింది.

ఆమె ఆ పొడుగు తునక పెట్టి, చెంపదెబ్బ దగ్గర నేను చెయ్యి చాచినా ఆపకుండా వదిలేసింది. కడ్డీ చప్పుడు, గోడ చప్పుడు, మా రొప్పులు, వాటన్నిటి మీదుగా చిన్నాయన గొంతు.

“సాలించండ్రా! ఇనపదిరా అది, తలకు తగిల్తే సస్తాడ్రా! మీకు దండం పెడతా... పాట పోతే పోనీండ్రా, నేనే పోతాండాను, పాటెంత! ఒరే అప్పా... ఒరే...”

అరిచి అరిచి, గొంతు చీలి, చివరికి గాలి మాత్రం వచ్చింది. డాక్టరు వాడొద్దన్న గొంతులో పాటకు పోగా మిగిలినదంతా మమ్మల్ని విడదీయడానికే ఖర్చు చేశారు. పద్దెనిమిదేళ్ళూ నేను దాన్ని వినలేదు. నా చెంప దగ్గరే ఆపుకుంటూ వచ్చాను.

ఇప్పుడు యంత్రాలు ఒకదాన్నొకటి వాటంతట అవే గుర్తుపడుతున్నాయి. తప్పు చేస్తే ఒక్క నొక్కుతో వెనక్కి తీసుకోవచ్చట. భుజం భుజం ఆనించి కూర్చుని మీటలు నేర్పేవాళ్ళూ లేరు, తన్నుకునేవాళ్ళూ లేరు. ఆ తునక పుంగనూరులో బావకు పంపమని అమ్మాయి అంటోంది. ఇంకా పంపలేదు. కుంకుమ నాదే, ఒప్పుకుంటున్నాను. చెంపదెబ్బ మాత్రం బావదే, అది మరవను. కానీ ఇప్పుడు వినేటప్పుడు దాన్ని దాటించి, చిన్నాయన గొంతు మొదలయ్యేచోట పెట్టుకుంటున్నాను. ఆయన పాడినదేదీ మాకు మిగలలేదు. బతిమాలింది మిగిలింది.