బెల్టు కింది నీళ్ళు

కారవాన్ తలుపు తీయగానే ముందుగా కంపు వచ్చేది. తడిసిన గోనెసంచులను నెల్లాళ్ళు గదిలో పెట్టి తాళం వేస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. ముక్కు మూసుకున్నా గొంతులోకి దిగేది. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుంటే అన్నం ముద్దలో కూడా అదే తగిలేది. ఆ వారం నేను సగం అన్నం కుక్కకే వేశాను.

సినిమా షూటింగుల చుట్టూ తిరిగి తిరిగి ముసలిదైన బండి అది. లోపల ఒక మంచం, చిన్న వంటగట్టు, నిలబడితే మోచేతులు గోడకు తగిలే లెట్రిన్ ఉన్నాయి. రిటైరయ్యాక హైదరాబాద్ నుంచి కొని తెచ్చుకున్నాను. గోదావరిఖనిలో నన్ను పిచ్చివాడన్నవాళ్ళే ఎక్కువ. కొన్నది నా భార్య కోసం. గనిలో దిగింది నేను, ఉబ్బసం పట్టుకున్నది ఆమెను. చలికాలమంతా దుమ్ము లేని చోట ఉంచమని డాక్టర్ చెప్పాడు. చుట్టాల ఇళ్ళలో తెల్లవార్లూ దగ్గడం ఆమెకు నామోషీ. లాడ్జి దుప్పట్ల వాసన పడదు. సొంత మంచం ఉన్న బండి అయితే సముద్రం దగ్గర ఎక్కడైనా ఆపుకోవచ్చని అనుకున్నాం.

"మొఖం తుడుసుకుంటే దస్తీ తెల్లగుండాలె. నాకు గంతే కావాలె," అంది ఆమె.

తొలకరిలో ఒకసారి ఎలా ఉంటుందో చూద్దామని బాపట్ల వైపు వెళ్ళి వారం ఉండి వచ్చాం. వారమంతా వానే. తిరిగి వచ్చాక ఆమె ఆయాసం తగ్గకపోగా పెరిగింది. ఉప్పుగాలి పడలేదని నేనే తేల్చేశాను. నాకు ఏదైనా తేల్చడం చాలా తొందరగా వచ్చు. వానాకాలమంతా బండిని ఇంటి పక్కన నిలబెట్టాను. వానలు తగ్గాక తలుపు తీస్తే ఈ కంపు. చలి మొదలయ్యేలోపు మంచం ఆరకపోతే ఆమెకు మరో చలికాలం ఇక్కడే. కిందటి చలికాలం రెండుసార్లు దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టించుకుని పడుకుంది. మూడోసారి చూసే ఓపిక నాకు లేదు.

లోపల గోడలకు చెక్క కొట్టింది మా కాలనీ వడ్రంగి. తప్పు అతనిదే అయి ఉండాలి. చాయ్ బండి దగ్గర పదిమంది ముందే అన్నాను, నీ పనికన్నా కోతి పని నయమని. అతను గ్లాసు కింద పెట్టి, "రేపొస్త అన్న. ఇప్పి సూద్దాం," అన్నాడు. మర్నాడు ఉలి, సుత్తి పట్టుకుని నిజంగానే వచ్చాడు.

మంచం పక్క గోడ పలక ఊడదీశాం. చెక్క చప్పుడు కూడా చేయలేదు, నానిన అటుకుల్లా చేతికి వచ్చింది. దాని వెనక తెల్లటి బూజు, బూజులో చుట్టలు చుట్టుకుని రోకలిబండ పురుగులు, వాటి మీదుగా బొద్దింకలు. నేల మీది రెగ్జిన్ ఎత్తితే కింద నల్లటి జిగురు. గనిలో మురుగులో మోకాళ్ళ దాకా నిలబడి పనిచేసినవాణ్ణి, ఎప్పుడూ వాంతి చేసుకోలేదు. ఇక్కడ రెండుసార్లు బయటికి పరుగెత్తాను. ఆ సినిమావాళ్ళను, బండి అమ్మినవాణ్ణి, వడ్రంగిని, వాళ్ళ ముందు తరాలను కూడా కలిపి తిట్టాను. వడ్రంగి తన వాటా తిట్లు వింటూనే పని చేసుకుపోయాడు.

మంచం పలక లేపినప్పుడు గోడవైపు మూలలో తువ్వాళ్ళు దొరికాయి. నాలుగు. నా భార్యవి. మడత మీద మడత పెట్టి సందులో కుక్కి ఉన్నాయి. పక్కన మా ఇంటి స్టీలు గిన్నె. తువ్వాళ్ళు నల్లగా మురిగి గిన్నెకు అతుక్కుపోయాయి. బాపట్లలో గోడవైపు పడుకున్నది ఆమే. నేను ఇటువైపు గుర్రుపెట్టి నిద్రపోయాను.

వడ్రంగి ఒక తీగ తీసుకుని పైకప్పులో కనిపించిన చిల్లులోకి దూర్చాడు. "పైకెక్కి సూడు అన్న, యాడ తేల్తదో," అన్నాడు.

ఎక్కాను. తీగ తేలలేదు. పైన పరిచిన రబ్బరు బెల్టు కింద ఆగింది.

మా బొగ్గు బావుల దగ్గర కన్వేయర్ బెల్టు ముక్క లేని ఇల్లుండదు. బొగ్గు మోసి మోసి అరిగిన ఆ మందపాటి రబ్బరును గడప ముందు పరుస్తాం, కోళ్ళగూటి మీద కప్పుతాం, స్నానాల గదికి తలుపుగా వేలాడదీస్తాం. నేనైతే ముప్పై ఏళ్ళు ఆ బెల్టులే అతికిన ఫిట్టర్ని. బాపట్ల వెళ్ళకముందు, రామగుండం ఎండకు బండి రేకు కాలుతుంటే పైన బెల్టు పరిచి ఎనిమిది బోల్టులతో నేనే బిగించాను. ఇక నీటిచుక్క దిగదని అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు బోల్టులు విప్పి అంచు ఎత్తితే కింద బొగ్గు దుమ్ము నానిన నల్లటి అడుసు, రేకుకు తుప్పు, ప్రతి బోల్టు దగ్గర వేలు పట్టేంత చిల్లు. బయటికి పోవలసిన నీళ్ళను నా బెల్టే పట్టి ఉంచి, లోపలికి పంపింది. ఆ తడి చెక్కకన్నా, పురుగులకన్నా నా మీద నాకే ఎక్కువ రోత పుట్టింది.

ఇంట్లోకి వెళ్ళి గిన్నె చూపించాను. "చెప్పొద్దా నాకు?"

"బెల్టు ఏసిననాడే చెప్పిన," అంది ఆమె బియ్యం ఏరుతూ. "గా బోల్టుల కాడ నీళ్ళు దిగుతయని. బెల్టు సంగతి నాకే చెప్తవా అన్నవ్."

"అక్కడన్నా నన్ను లేపొద్దా?"

"లేపితే ఏం జేస్తవ్? నన్నే కసురుకుంటవ్. మంచిగ పండుకున్నవని ఊకున్న."

నేను గిన్నె పట్టుకెళ్ళి కుళాయి కింద తోమాను.

పది రోజులు పట్టింది. తుప్పు గీకించి కొత్త రేకు వేయించాను. కుళ్ళిన చెక్కంతా తగలబెట్టాం. వడ్రంగికి చాయ్ బండి దగ్గరే, అదే పదిమంది ముందు, తప్పు నాదని చెప్పాను. అతను నవ్వి, "గా బెల్టు పారేస్తవా అన్న? మా బాత్రూం మీదికి పనికొస్తది," అన్నాడు.

"తీసుకపో. బోల్టులు మాత్రం కొట్టకు," అన్నాను.

చివరి రోజు అతను నిచ్చెనెక్కి పైపుతో రేకు మీద నీళ్ళు వదిలాడు. నేను లోపలికి పోయి మంచం మీద గోడవైపు వెల్లకిలా పడుకున్నాను. పైన నీళ్ళ మోత. కొత్త చెక్క వాసన. అరగంట చూశాను, ఒక్క చుక్క పడలేదు. నా భార్య మెల్లగా మెట్లెక్కి లోపలికి వచ్చి, ముక్కు ఎగబీల్చి, నా వైపు చూసింది.

"జరుగు," అంది. "గా జాగ నాది."

"ఇగ నాది," అన్నాను. నేను జరగలేదు.